కరణాలు చెప్పిన కడప చరిత్ర: జిల్లా కైఫియత్తుల సంపుటాలపై ఒక సమీక్ష

కడప జిల్లా కైఫియత్తుల అచ్చు సంపుటాలు నా బల్లమీదికి చేరి ఏడేళ్ళు దాటింది. వాటిని మొదటి పుట నుంచి చివరి పుట దాకా వరుసగా చదివింది ఒక్కసారే. మిగిలిన కాలమంతా ఒక ఊరి పేరు పట్టుకొనో, ఒక చెరువు సంగతి తేల్చుకోవడానికో, ఎవరో అడిగిన ప్రశ్నకు జవాబు వెతకడానికో తెరుస్తూ మూస్తూ వచ్చాను. జిల్లా చరిత్ర మీద ఆసక్తితో ఈ సంపుటాలు కొనాలా వద్దా అని అడిగేవారు తరచుగా ఎదురవుతున్నారు కనుక, నా అనుభవంలో వాటి ఉపయోగమూ, వాటితో పడిన ఇబ్బందీ ఇక్కడ రాసిపెడుతున్నాను. కొనమనే నేను చెబుతాను. అయితే వీటిని జిల్లా చరిత్ర గ్రంథం అనుకొని కొన్నవారు నిరాశపడతారు. రెండు వందల ఏళ్ళ కిందట ఊళ్ళు తమ గురించి తాము ఇచ్చుకున్న వాఙ్మూలం అనుకొని కొన్నవారికి మాత్రం ఇంతటి నిధి మరొకటి దొరకదు.

కైఫియత్తు అరబీ, ఫారసీల మీదుగా మనకు వచ్చిన మాట. ఒక విషయపు స్థితిగతులను వివరించే నివేదిక అని దాని అర్థం. ఊరి పుట్టుక, ఊరిని ఏలినవారి వరుస, గుళ్ళు, దర్గాలు, చెరువులు, మాన్యాలు, పొలిమేరలు, వృత్తులవారు, ఇవన్నీ తన దగ్గరున్న కవిలెలను, అంటే పాత లెక్కల కట్టలను బట్టీ, పెద్దల నోట విన్నదాన్ని బట్టీ ఊరి లెక్కలు రాసే కరణం రాసి ఇచ్చినదే గ్రామ కైఫియత్తు. వాటిని పోగుచేయించినవాడు కాలిన్ మెకంజీ. స్కాట్లండు పడమటి సముద్రంలోని లూయిస్ దీవిలో పుట్టి, 1783లో ఇక్కడికి వచ్చి, సర్వే పనిలో ఎదిగి 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయిన సైనికాధికారి ఆయన. మన ఊళ్ళ లోగిళ్ళలోకి ఆయనకు దారి చూపినవాళ్ళు ఏలూరు ప్రాంతం నుంచి వెళ్ళిన కావలి సోదరులు. వారిలో వెంకట బొర్రయ్య 1803లో నిండు యవ్వనంలోనే కన్నుమూశాడు. తమ్ముడు వెంకట లక్ష్మయ్య ఆ భారం తన భుజాన వేసుకొని, భాషలు తెలిసిన గుమాస్తాలను సీమ సీమకూ పంపి, వాళ్ళు తెచ్చినదాన్ని సరిచూసి, మెకంజీ చనిపోయే 1821 వరకు ఆ పనిని నడిపించాడు. 1828లో హెచ్. హెచ్. విల్సన్ అచ్చువేసిన జాబితా ప్రకారం ఆ సేకరణలో స్థానిక చరిత్రలు 2,070, శాసనాల నకళ్ళు 8,076, నాణేలు 6,218 ఉన్నాయి. ఈ అంకెల వెనక ఎండల్లో నడిచిన కాళ్ళు మనవాళ్ళవి. దొర పోయాక ఆ పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకుంటే, ఈ దేశస్థుడొకడికి అంతటి విమర్శనాశక్తి ఉండదన్న అభిప్రాయంతో 1830లలో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ తోసిపుచ్చింది. కైఫియత్తుల గురించి మనం రాసుకునే ముందుమాటల్లోనైనా లక్ష్మయ్యకు మెకంజీతో సమానమైన చోటు దక్కాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఆ కాగితాలు మన దాకా రావడానికి మరొకరి చలవ కూడా ఉంది. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చి, పండితులను కూర్చోబెట్టుకొని తెలుగు కావ్యాలను పరిష్కరింపజేసిన సి. పి. బ్రౌన్, తరవాత లండనులో ఈస్టిండియా కంపెనీ భవనంలో పడి ఉన్న దక్షిణదేశపు భాషల మెకంజీ పత్రాలను గుర్తించి మద్రాసుకు తిరిగి రప్పించాడు. శిథిలమవుతున్న స్థానిక చరిత్రలకు నకళ్ళు రాయించి బైండు చేయించాడు. ఆ సంపుటాలే నేటికీ చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. కడపలో ఆయన బంగళా ఉన్న స్థలంలోనే ఆయన పేరిట గ్రంథాలయం వెలిసింది. కడప జిల్లా కైఫియత్తులు చక్కగా అచ్చుకావడంలో ఆ ఊరి సాహిత్యాభిమానుల పట్టుదల ఎంతో ఉంది.

ఇక సంపుటాల్లోకి వెళ్ళే ముందు ఒక్క సంగతి తెలుసుకోవాలి. అది తెలియక చదివితే ప్రతి కైఫియత్తూ ఒకే మూసలో పోసినట్టు అనిపించి, పది ఊళ్ళు తిరగకముందే విసుగు పుడుతుంది. ఈ రాతలు దత్తమండలాల్లో ఎక్కువగా 19వ శతాబ్దపు తొలి రెండు దశాబ్దాల్లో జరిగాయి. అప్పటికి కడప సీమ జనం ఇరవై ఏళ్ళ పైచిలుకు కాలంలోనే నలుగురు ప్రభువులను చూశారు. మయానా నవాబుల ఏలుబడి 1779 ప్రాంతంలో హైదరాలీ సిద్ధవటాన్ని పట్టుకోవడంతో ముగిసింది. టిప్పు ఓడిపోయిన 1792లో సీమ నిజాముకు దక్కింది. 1800లో నిజాము దాన్ని కుంపిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807లో వెళ్ళిపోయేలోగా పాళెగార్లనే స్థానిక నాయకులను అణచి, పొలం పొలాన్నీ కొలిపించాడు. 1808లో దత్తమండలాలు బళ్ళారి, కడప అని రెండు జిల్లాలయ్యాయి. గొలుసు పట్టుకొని ఒక దొర మనుషులు పొలాలు కొలిచి వెళ్ళిన కొద్దికాలానికే, మరో దొర మనుషులు వచ్చి ‘మీ ఊరి కథ రాసి ఇవ్వండి’ అని అడిగితే కరణం ఏమనుకుంటాడు? అడిగినవాడు చరిత్ర కోసం అడిగాడో, మాన్యాలు తెగ్గొయ్యడానికి అడిగాడో అతనికి ఎలా తెలుస్తుంది? అందుకే ఏ కైఫియత్తు తీసినా ఫలానా రాయలవారి కాలంలో ఫలానా దేవరకు ఇన్ని కుంటల మాన్యం ధారపోశారనీ, తరవాత ఎందరు దొరతనాలు మారినా అది నేటిదాకా నడుస్తోందనీ నొక్కి నొక్కి చెబుతుంది. ఆ నొక్కి చెప్పడంలోనే ఊరి భయమూ, ఊరి ఆశా కనిపిస్తాయి. ఈ ఒక్క దృష్టితో చదవడం మొదలుపెట్టాక నాకు ఏ రెండు కైఫియత్తులూ ఒకటిగా అనిపించలేదు.

ఒక కైఫియత్తు ఎలా నడుస్తుందో చెబుతాను. మొదటి పంక్తిలో మౌజే, సముతు, తాలూకా అంటూ ఊరి చిరునామా ఉంటుంది. తరవాత ఊరికి ఆ పేరెలా వచ్చిందో చెప్పే కథ వస్తుంది. అడవిగా ఉన్న చోట ఒక గొల్లవాడు మంద తోలడమో, ఒక రెడ్డి కంపకొట్టి గుడిసె వేయడమో, ఆవు పుట్టమీద పాలు కార్చగా అక్కడ లింగం బయటపడడమో అందులో ఉంటుంది. అక్కడి నుంచి ముక్కంటి మహారాజో జనమేజయుడో ప్రవేశించి, చోళుల మీదుగా, ప్రతాపరుద్రుడి మీదుగా విజయనగర రాయల దాకా కథ ఒక్క దూకులో వస్తుంది. రాయల కాలం దగ్గరకు వచ్చేసరికి కలం వేగం తగ్గుతుంది. అచ్యుతదేవరాయలు, సదాశివరాయలు, వాళ్ళ కింద అమరనాయకులు, మట్లివారు, పెమ్మసానివారు, వారు తవ్వించిన బావులు, కట్టించిన మండపాలు, నాటించిన తోపులు ఒక్కొక్కటిగా వస్తాయి. గోలకొండ, నవాబు, హైదరు, నిజాము, కుంపిణీ అని ఎవరి వంతు వాళ్ళకు పంచి, చివర ఊరి చతుస్సీమలు, పండే పైర్లు, వాగులు, గుట్టలు, చెట్లు చేమలు చెప్పి సంతకంతో ముగిస్తాడు కరణం. విరామచిహ్నాలు లేవు. ‘గనుక’, ‘అయిన తరువాత’, ‘వుండగా’ అన్న మాటలే ఆ పొడుగు వాక్యాలకు కీళ్ళు. కళ్ళతో చదివితే మెదడు అలసిపోతుంది కాని, గొంతెత్తి చదివితే వాక్యం ఎక్కడ విరగాలో అక్కడ దానంతట అదే విరుగుతుంది. మా ఇంట్లో పదో తరగతి పిల్లవాడి చేత చదివించి చూశాను. మూడో పుటకల్లా తడబాటు పోయింది.

ఊరి ముచ్చట ఒకటి చెప్పాలి. మా ఊరికి ఉత్తరాన వాగు దాటాక ఒక పాటిదిబ్బ ఉంది. వానలు కురిసినప్పుడల్లా అక్కడ కుండపెంకులు, పూసలు, ఒక్కోసారి బూడిద కలిసిన మన్ను బయటపడేవి. అది పాత ఊరనీ, గత్తర వస్తే జనం లేచిపోయి ఇప్పుడున్న చోట కాపురాలు పెట్టారనీ మా అవ్వ చెప్పేది. ఆ దిబ్బ మన్ను చేలకు మంచి ఎరువని బండ్లకెత్తి తోలుకున్నవాళ్ళలో మా తాతా ఉన్నాడు. మా ఊరి కైఫియత్తులో ఆ పాత ఊరు పేరుతో సహా దొరికినప్పుడు పుస్తకం పట్టుకున్న నా చేతులు కాసేపు ఆగిపోయాయి. అయితే కరణం గత్తర మాట ఎత్తలేదు. దండు తాకిడికి ఊరు పాడైందనీ, కౌలు ఇచ్చి జనాన్ని మళ్ళీ పిలిపించినప్పుడు వాగుకు ఇవతల ఊరు కట్టుకున్నారనీ రాశాడు. అవ్వ చెప్పిందీ కరణం రాసిందీ రెండూ నిజమై ఉండవచ్చు. దండు వెంట రోగమూ వచ్చే కాలమది. అప్పట్లో ‘బేచిరాకు’ అని ఒక్క మాటతో తేల్చేసిన పాడుబడ్డ ఊళ్ళు ఈ సంపుటాల్లో అడుగడుగునా తగులుతాయి. ఆ ఒక్క మాట కింద ఎన్ని పొయ్యిలు చల్లారాయో ఊహించుకుంటూ చదవాలి.

ఈ కైఫియత్తుల్లోని తేదీలను, రాజుల వరుసలను నమ్మవచ్చా అన్నది అందరూ అడిగే ప్రశ్న. రాయల కాలానికి ముందున్న భాగాన్ని నమ్మి ఏదీ నిలబెట్టకండి. గండికోటనే తీసుకుందాం. ఆ ఊరి కైఫియత్తు ఆధారంగా కోటకు పునాది వేసింది చాళుక్య రాజు ఆహవమల్ల సోమేశ్వరుడి సామంతుడు కాకరాజు అనీ, అది 1123లో జరిగిందనీ పర్యాటకులకు చెప్పే మాటల్లో స్థిరపడిపోయింది. కాని ఆహవమల్లుడు 1068లోనే తుంగభద్రలో ప్రాణం విడిచాడు. సామంతుడి పేరు నిజమైనా, సంవత్సరమూ ప్రభువూ ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఇక్కడ తప్పు కైఫియత్తుది కాదు. జనం నోట తరతరాలుగా నిలిచిన మాటను కరణం రాసిపెట్టాడు. దాన్ని పరీక్షించకుండా బోర్డుల మీదికి ఎక్కించిన మనదే పొరపాటు. అదే గండికోట గురించి గోలకొండ సేనాని మీర్ జుమ్లా కాలానికి వచ్చేసరికి కథ గట్టినేల మీద నడుస్తుంది. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ అక్కడికి వెళ్ళి చూసి రాసిన విషయాలతో పోల్చుకోవడానికి వీలుంటుంది.

అందుచేత కైఫియత్తుల పక్కన శాసనాలను పెట్టుకొని చదవడం తప్పనిసరి. పోరుమామిళ్ళ చెరువు శాసనం దీనికి నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ. శకవర్షం 1291, సౌమ్య సంవత్సరం అని అందులో ఉంది. శకానికి 78 కలిపితే 1369 వస్తుంది. అరవై ఏళ్ళ చక్రంలో వెనక్కి లెక్కించుకున్నా ఆ ఏడాది సౌమ్యమే అవుతుంది. ఇలా అంకె, పేరు రెండూ కలిస్తే తేదీ గట్టిదని అర్థం. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుంచి ఏలుతూ కట్టించిన ఆ చెరువు పనికి రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ళపాటు పనిచేశారని ఆ శాసనం లెక్క చెబుతుంది. అంతటితో ఆగదు. చెరువు మంచిది కావాలంటే ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను వరుసగా చెబుతుంది. ధర్మబుద్ధి గల రాజు, జలశాస్త్రం తెలిసినవాడు, గట్టినేల, రాతి గని, కొండల మధ్య ఇరుకైన కట్ట, ఇలా సాగుతుంది ఆ జాబితా. కట్టనుంచి నీరు ఊరడం, చౌడునేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం దోషాల్లో చేరతాయి. ఇంత స్పష్టత కైఫియత్తులో ఉండదు. కాని ఆ చెరువు కింద ఎవరెవరు బతికారో, కట్ట తెగితే ఎవరు పూడ్చేవారో, చెరువు నీటిని చేలకు వదిలే నీరుగంటి వాడికి పంటలో ఎంత మేర, అంటే వాటా, ముట్టేదో తెలియాలంటే కైఫియత్తు దగ్గరికే రావాలి. శాసనం దాత గొంతు, కైఫియత్తు ఊరి గొంతు.

వీటిని ఇంగ్లీషులో వచ్చిన జిల్లా గ్రంథాలతో పోల్చి చూడమని కూడా నన్ను అడుగుతుంటారు. కడప జిల్లాకు గ్రిబుల్ రాసిన మాన్యువల్ 1875లో, బ్రాకెన్‌బరీ తయారుచేసిన గెజెటీరు 1915లో వచ్చాయి. పరిపాలన, వర్షపాతం, రెవెన్యూ లెక్కలు, కరువుల వివరాలు కావలసినవారికి అవి ఎంతో ఉపయోగపడతాయి. అయితే వాటిలో ఊరు ఒక పేరుగా, ఒక అంకెగా కనిపిస్తుంది. కైఫియత్తులో ఊరు మాట్లాడుతుంది. వాటిని పోటీగా కాక ఒకదానికొకటి తోడుగా వాడుకోవాలి.

జిల్లాలోని రకరకాల జనసమూహాల చరిత్ర వెతుకుతూ వచ్చేవారికి ఈ సంపుటాలు ఎంతవరకు పనికొస్తాయన్నది నా దృష్టిలో ఎంతో ముఖ్యమైన ప్రశ్న. ఊరి పనులు చేసి పంటలో వాటా పొందే ఆయగాండ్ర గురించి ఇంత సూటిగా చెప్పే తెలుగు ఆధారాలు తక్కువ. రెడ్డి, కరణం, తలారి, పురోహితుడు, వడ్రంగి, కమ్మరి, అగసాలి, కుమ్మరి, మంగలి, చాకలి, నీరుగంటి, వెట్టి, ఇలా ఊరిని నిలబెట్టినవాళ్ళు ఎవరికి ఎంత మాన్యం, ఎంత మేర అన్న లెక్కలో మన ముందుకు వస్తారు. దర్గాలకు, మసీదులకు, పీర్ల చావిళ్ళకు రాయల వంశాలు, నవాబులు, పాళెగార్లు ఇచ్చిన ఇనాములు గుడి మాన్యాల పక్కనే, అదే గొంతుతో రాసి ఉంటాయి. కడప పట్నపు సంగతే చూడండి. తిరుమల వేంకటేశుడికి గడప అని దేవుని కడపకు పేరు వచ్చిన కథా, గోలకొండ సేనాని నేక్‌నామ్ ఖాన్ తన పేరిట నేక్‌నామాబాదు వెలయించిన చరిత్రా ఒకే పట్నానివి. నేటికీ ఉగాదినాడు ఆ ఊరి ముస్లిములు బీబీ నాంచారి పుట్టినిల్లన్న భావంతో దేవుని కడప గుడికి వచ్చి మొక్కుకుంటారు. ఒకే వాకిట్లో రెండు కథలు పొసగడం ఆ సీమకు కొత్త కాదని ఈ సంపుటాలు పుట పుటనా నిరూపిస్తాయి.

కాని రాసినవాడు కరణం. అతని చూపు ఆగిన చోటే కైఫియత్తు కూడా ఆగిపోతుంది. మాలవాడ, మాదిగవాడలు పొలిమేర చెప్పేటప్పుడు గుర్తుగా వస్తాయే తప్ప, అక్కడి మనుషుల కథ అరుదుగా వస్తుంది. నల్లమలలోని చెంచులు, వెలికొండల అంచున తిరిగిన యానాదులు కావలి రుసుం విషయంలోనో, అడవి సరుకు విషయంలోనో ఒక్క వాక్యంలో తళుక్కుమని మాయమవుతారు. మాధవరం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు మగ్గాలు ఈ జిల్లాకు ఎంత బతుకునిచ్చాయో మనకు తెలుసు. అయినా నేతగాళ్ళు ఇక్కడ ఎక్కువగా మగ్గం పన్ను కట్టేవాళ్ళుగానే కనబడతారు. ఆడవాళ్ళ సంగతి మరీ అన్యాయం. కట్టకు బలి అయిన కోడలిగా, పేరంటాలుగా, దానమిచ్చిన రాణిగా, గుడి సేవకు మాన్యం పొందిన దేవదాసిగా తప్ప ఊళ్ళో సగం మంది అసలు కనిపించరు. అందుకే నా సలహా ఏమిటంటే, మీ ఊరి కైఫియత్తు చదివిన తరవాత దాన్ని జేబులో పెట్టుకొని, అందులో లేని వాడలకు వెళ్ళి అక్కడి పెద్దలను అడగండి. వాళ్ళ వంశాలు ఎక్కడి నుంచి వచ్చాయో, ఏ బావి ఎవరు తవ్వారో, ఏ జాతరలో ఎవరి డప్పు ముందు మోగాలో వాళ్ళకు తెలుసు. కరణం రాసినదానికి, వాళ్ళు చెప్పినదానికి మధ్య ఉన్న తేడాను కూడా రాసిపెట్టుకోండి.

ఇక అచ్చు విషయం. నా దగ్గరున్న సంపుటాల కాగితం మన్నికగానే ఉంది, అక్షరం కంటికి హాయిగా ఉంది. మూలంలో పురుగులు తిన్న చోట పరిష్కర్తలు తోచిన మాటలతో పూరించకుండా చుక్కలు పెట్టి వదిలారు. ఈ నిజాయితీని ఎంత మెచ్చుకున్నా తక్కువే. అర్ధానుస్వారం, పాత వర్ణక్రమం, కరణాల వాడుక రూపాలు చాలావరకు అలాగే నిలిపారు. దానివల్ల రెండు వందల ఏళ్ళ కిందటి కడప మాండలికం మన చెవికి చేరుతుంది. భాష మీద పనిచేసేవారు ఈ ఒక్క కారణంగానైనా వీటిని కొనాలి. లోపాల్లో పెద్దది ఊళ్ళ అకారాది సూచిక సరిగా లేకపోవడం. ఒక వ్యక్తి పేరో, చెరువు పేరో పట్టుకొని వెతకాలంటే పుటలన్నీ తిప్పవలసిందే. నేను రెండు వేసవుల్లో కూర్చుని సొంతంగా ఒక సూచిక రాసుకున్నాను. మౌజే, కసుబా, సముతు, మజరా, ఖండ్రిక, శ్రోత్రియం, కట్టుబడి, అమాని, సాయరు, మొతర్ఫా వంటి మాటలకు అర్థాలిచ్చే పట్టిక ప్రతి సంపుటం చివరా ఉండి తీరాలి. రెవెన్యూ లెక్కల్లో వాడిన ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంచుమించు క్రీస్తుశకం వస్తుందన్న చిన్న సూచన కూడా లేకపోతే కొత్త పాఠకుడు ఏమైపోతాడు? పాత తాలూకాల పటం ఒక్కటి జతచేసినా ఎంతో మేలయ్యేది. 2022లో రాజంపేట, రాయచోటి వైపు ఊళ్ళు అన్నమయ్య జిల్లాలో కలిశాయి. అప్పటి కైఫియత్తుల్లోని ఊరు ఇప్పుడు ఏ మండలంలో ఉందో తెలుసుకోవడం అక్కడి పిల్లలకే కష్టమవుతోంది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. నేను తెప్పించుకున్న ఒక సంపుటంలో ఒక ఫారం తారుమారై బైండైంది. పదహారు పుటలు రెండుసార్లు వచ్చి, రావలసిన పదహారు పుటలు రానేలేదు. పంపిన దుకాణానికి ఉత్తరం రాస్తే, అమ్మిన పుస్తకం వెనక్కి తీసుకోబోమని జవాబు వచ్చింది. చివరికి ఒక మిత్రుడి ప్రతి నుంచి ఆ పుటలకు జిరాక్సు తీయించి అతికించుకున్నాను. ఇలాంటి పుస్తకాలు మళ్ళీ మళ్ళీ అచ్చుకావు. కనుక చేతికి రాగానే పుట సంఖ్యలు వరుసగా ఉన్నాయో లేదో మొదటి నుంచి చివరి దాకా ఒకసారి తిప్పి చూసుకోవడం మంచిది.

ఎవరికి ఉపయోగపడుతుందంటే, ఊరి బడిలో సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు అందరికంటే ముందు. కలమళ్ళ గుడి ఆవరణలో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు సుమారు 575 ప్రాంతంలో వేయించిన శాసనం తెలుగు భాషకు తొలి శాసనంగా పేరుపొందిందని పాఠంలో చెబుతాం. ఆ తొలి తెలుగు శాసనం నుంచి కరణం కైఫియత్తు దాకా పన్నెండు వందల ఏళ్ళు తమ జిల్లాలోనే ఎలా గడిచాయో పిల్లలకు చూపించగల పుస్తకం ఇది. తరవాత పరిశోధక విద్యార్థులకు, నవలలూ కథలూ రాసేవారికి, చెరువుల మరమ్మతు పనిలో ఉన్న ఇంజనీర్లకు కూడా. ఒక ఇంజనీరు మిత్రుడు పాత తూము ఎక్కడుండేదో కైఫియత్తులోని ఆనవాళ్ళను బట్టి వెతికి, పూడిపోయిన రాళ్ళను కనిపెట్టాడు. వంశవృక్షం కోసం కొనేవారికి మాత్రం నేను అంతగా చెప్పలేను. కరణాల, పాళెగార్ల కుటుంబాలకు దొరికినంత మిగిలినవారికి దొరకదు.

సంపుటాలన్నీ ఒకేసారి కొనవలసిన పనిలేదు. మీ పాత తాలూకా ఏ సంపుటంలో ఉందో ముందు విచారించుకొని, దానితో మొదలుపెట్టండి. మీ ఊరిది లేకపోతే పక్క ఊరిది చదవండి, పొలిమేర చెప్పే చోట మీ ఊరి పేరు తప్పక తగులుతుంది. తూర్పున ఏ గుట్ట, పడమట ఏ వాగు, దక్షిణాన ఏ చింతచెట్టు అని కరణం రాసిన హద్దుల వెంట ఒక ఉదయం నడిచి రండి. మా ఊరి హద్దుల్లో అతడు చెప్పిన నాలుగింటిలో గుట్టా, వాగూ ఇంకా ఉన్నాయి. చింతచెట్టు లేదు గాని, ఆ చోటును మావాళ్ళు ఇప్పటికీ చింతమాను మిట్ట అనే పిలుస్తారు.